ఎలుక, ఇల్లాలు, ఇంటి ఓనరు

ఇంట్లో ఎలుకలు తిరుగుతున్నాయని నలుగురిలో చెప్పుకోవడానికి మన ఆడవాళ్ళు సిగ్గుపడతారు. నల్లా రావడం లేదని చెబుతాం, కరెంటు పోతోందని చెబుతాం, గోడ చెమ్మెక్కిందని ఓనరు మీద విసుక్కుంటాం. ఎలుక దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది. నల్లా మున్సిపాలిటీది, కరెంటు డిపార్ట్‌మెంటుది, గోడ ఓనరుది. ఎలుక ఒక్కటే ఇల్లాలిది. అది వచ్చిందంటే ఆమె రాత్రి అంట్లు తోమకుండా పడుకుని ఉంటుంది, బియ్యం డబ్బాకి మూత పెట్టి ఉండదు, మంచం కింద ఊడ్చి ఉండదు. ఈ తీర్పు చెప్పడానికి ఎవరూ ఇంటికొచ్చి చూడాల్సిన పనికూడా లేదు.

ఈ తీర్పు ఎంత పాతదో, దాన్ని ఎవరు మోస్తూ వచ్చారో కొంతకాలంగా వెతుకుతున్నాను. తొలితరం తెలుగు రచయిత్రుల మీద పనిచేస్తున్న నేను ఎలుకల చరిత్ర చదవడానికి కారణం హన్మకొండలో నేను కిరాయికి ఉంటున్న ఫ్లాటు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు కథలతో మొదలుపెడతాను, నేను చదువుకున్నది సాహిత్యం కనుక.

తెలుగులో చదువుకున్న వాళ్ళందరికీ తెలిసిన ఎలుక హిరణ్యకుడు. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలో, మిత్రలాభంలో ఉంటాడు. ఒక సన్యాసి గదిలో కలుగు చేసుకుని, ఆయన చిలక్కొయ్యకు తగిలించుకున్న భిక్షాన్నాన్ని రోజూ ఎగిరి తింటుంటాడు. సన్యాసి కర్రతో కొడుతూనే ఉంటాడు. ఒకరోజు ఆయన దగ్గరికొచ్చిన అతిథి, ఇంత చిన్న ప్రాణికి అంత ఎత్తు ఎగిరే బలం ఉత్తినే రాదు, దీనికేదో కారణం ఉండాలంటాడు. నేల తవ్వి చూస్తే కలుగులో ధనం బయటపడుతుంది. అది పోయాక హిరణ్యకుడికి ఎగిరే శక్తీ పోతుంది.

దీని సంస్కృత మూలాలకు వెళితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఎలుక ఎగరడానికి కారణం ఉండాలని నమ్మించడానికి అతిథి ఒక ఉపకథ చెబుతాడు. పంచతంత్రంలో అది శాండిలి అనే ఇల్లాలి కథ. పొట్టు తీసి ఎండబెట్టిన నువ్వుల్ని కుక్క పాడుచేస్తే, ఆ సంగతి దాచి పొరుగింట్లో వాటికి మామూలు నువ్వులు బదులు అడుగుతారు. మంచి నువ్వులిచ్చి పొట్టు నువ్వులు అడుగుతున్నారంటే ఏదో కారణం ఉందని పొరుగువాళ్ళు అనుమానిస్తారు. హితోపదేశంలో అదేచోట లీలావతి కథ ఉంటుంది. ముసలి భర్తను పడుచు భార్య ఉన్నట్టుండి వాటేసుకుందంటే దాని వెనక ఏదో ఉందని! ఎలుక కలుగు గురించి మాట్లాడుకుంటున్న ఇద్దరు సన్యాసులకు పోలిక కోసం వెతికితే ఒకచోట ఇల్లాలి వంటిల్లు దొరికింది, ఇంకోచోట ఇల్లాలి పడక. ఎలుక, ఆడది, ఇంటిలోపల దాచిన గుట్టు. ఈ మూడూ అప్పటికే ఒక వరసలో ఉన్నాయి.

అయినా ఆ అతిథిలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. కర్రతో కొట్టడం ఆపి నేల తవ్వి చూశాడు. ఆ తర్వాతి చరిత్రలో ఎలుకల విషయంలో నేల తవ్వి చూసినవాళ్ళు తక్కువ.

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. మొదట కనిపించింది మాండ్వీ పేటలో. అది రేవు పక్కనే ఉన్న ధాన్యం గోదాముల పేట. జనం కిక్కిరిసిన చాళ్ళలో ఉండేవాళ్ళు. ఓడల్లో, రైళ్ళలో ధాన్యం బస్తాలతోపాటు ఎలుకలు, ఎలుకలతోపాటు వాటి ఒంటిమీది గోమార్లు ప్రయాణం చేశాయి. ఎలుక గోమారి ద్వారానే ప్లేగు వ్యాపిస్తుందని పాల్ లూయీ సీమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో ప్రయోగం చేసి చెప్పాడు. చాలామంది నమ్మలేదు. 1905లో మొదలైన ప్లేగు పరిశోధక సంఘం దాన్ని నిర్ధారించేదాకా ప్రభుత్వానికి దొరికిన దోషి ఎలుక కాదు, ఇల్లు. అందులోనూ పేదవాళ్ళ ఇల్లు. పైకప్పులు ఊడదీశారు, నేలలు తవ్వారు, గోడలకు సున్నం కొట్టారు, బట్టలూ పక్కలూ తగలబెట్టారు. ఎలుక మాత్రం పక్కింటికి పోయింది. 1896 నుంచి మూడు దశాబ్దాల్లో ఈ దేశంలో కోటిమందికి పైగా ప్లేగుతో చనిపోయారు.

1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. పూనాలో ప్లేగు అధికారి రాండ్ కింద సైనికులు ఇల్లిల్లూ సోదా చేశారు. ఆడవాళ్ళను నలుగురి ముందు పరీక్షించారన్నది ఆనాటి పెద్ద ఫిర్యాదు. జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు. పాఠ్యపుస్తకాల్లో ఈ ఘటన జాతీయోద్యమ అధ్యాయంలో వస్తుంది, అక్కడ స్త్రీలు ‘పరువు’గా మాత్రమే ఉంటారు. ఆ పరువు పోయిందని పురుషులు కోపగించుకున్నారు. స్త్రీలకు ఏం జరిగిందో స్త్రీగా చెప్పినవారు పండిత రమాబాయి. పూనా ప్లేగు ఆసుపత్రుల్లో ఆడపిల్లలకు రక్షణ లేదని ఆమె 1897లో బొంబాయి గార్డియన్ పత్రికకు లేఖ రాశారు. గవర్నరుకు ఆ లేఖ నచ్చలేదు. పరువు గురించి ప్రసంగాలు చేసిన వారిలో చాలామందికీ నచ్చలేదు.

అదే ఏడాది, అదే ఊళ్ళో సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేస్తున్నారు. కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట ఆయన నడిపిన చికిత్సా కేంద్రానికి ఆమె రోగుల్ని చేర్చేవారు. ముంఢ్వా దళితవాడలో జబ్బుపడిన ఒక పిల్లవాణ్ణి భుజాన వేసుకుని తీసుకొచ్చారని, అలా ఆమెకు ప్లేగు సోకిందని చెబుతారు. 1897 మార్చి 10న చనిపోయారు.

మన దగ్గర ఇలాంటి ఇంకొక మరణం ఉంది, దాని గురించి మాట్లాడుకున్నది తక్కువ. భండారు అచ్చమాంబ 1874లో పుట్టారు. బాల్యంలో కొంతకాలం నల్లగొండ జిల్లా దేవరకొండలో పెరిగారు. చిన్నప్పుడే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూచుని చదువు నేర్చుకున్నారు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1902లో హిందూసుందరిలో వచ్చిన ‘ధనత్రయోదశి’ కథ ఆమెదే. మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టిన వారిలో ఆమె ఒకరు. 1905 జనవరి 18న, ముప్పై ఏళ్ళ వయసులో చనిపోయారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బుకే బలయ్యారని ఆమె జీవితం గురించి రాసినవాళ్ళు చెబుతారు. ఆ ఒక్క వాక్యం తర్వాత అందరూ ‘త్యాగమయి’ అనే మాట దగ్గర ఆగిపోతారు.

ఆ మాట దగ్గర ఆగడం నాకు కష్టంగా ఉంది. ఆమెది త్యాగం కాదని నేననడం లేదు. త్యాగం అనగానే మనం అడగడం మానేసే ప్రశ్నలున్నాయి. ప్లేగు ఊరికెలా వచ్చింది? ధాన్యం ఎవరిది, గోదాము ఎవరిది, రైలు ఎవరిది? రోగుల దగ్గర ఎవరు కూచున్నారు, ఎందుకు ఆడవాళ్ళే కూచున్నారు? 1911 పంజాబ్ జనగణన నివేదిక, ప్లేగుతో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువ చనిపోయారని నమోదు చేసింది. కారణాలు ఊహించడానికి పెద్ద శాస్త్రం అవసరం లేదు. ఎలుకలు ఇంట్లో ఉంటాయి, ఆడవాళ్ళూ ఇంట్లో ఉంటారు. ఒట్టికాళ్ళతో నేలమీద తిరిగేది వాళ్ళు, చీకటి గదిలో ధాన్యం తోడేది వాళ్ళు, చచ్చిన ఎలుకను ఊడ్చి పారేసేది వాళ్ళు, జ్వరమొచ్చిన వాళ్ళ పక్కన పడుకునేది వాళ్ళు. ఇంటిని ఆడదాని రాజ్యం అన్నవాళ్ళు, ఆ రాజ్యంలో ఎలుక కాటు కూడా ఆమె వాటాకే వస్తుందని చెప్పలేదు.

చదివిన కొద్దీ నాకు అర్థమైనది ఇది. ఎలుక వచ్చినప్పుడల్లా ఆడదానికి రెండే వేషాలు ఇచ్చారు. ఒకటి శుభ్రత తెలియని ఇల్లాలు, రెండోది సేవలో ప్రాణమిచ్చిన తల్లి. ఒకరిని తిడతారు, ఇంకొకరికి దండ వేస్తారు. తిట్టు, దండ రెండూ కలిసి ఒకే పని చేస్తాయి. గోడ గురించి, మోరీ గురించి, గోదాము గురించి ఎవరూ అడగకుండా చూస్తాయి.

హైదరాబాద్ రాజ్యం చరిత్రలో మాత్రం గోడ గురించి అడిగిన ఒక ఘట్టం ఉంది. హైదరాబాదు నగరంలోకి ప్లేగు 1911లో వచ్చింది. ఎలుకలు రాలడం మొదలైతే జనం ఇళ్ళు వదిలి తోటల్లో, బయళ్ళలో గుడిసెలు వేసుకునేవాళ్ళు. 1911లో కోటీ 33 లక్షల 74 వేలు ఉన్న రాజ్య జనాభా 1921 నాటికి కోటీ 24 లక్షల 71 వేలకు తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, కరువు, ప్లేగు కలిసి చేసిన పని అది. ఆ కాలం మన భాషలో ఒక మాట వదిలిపోయింది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘కోరంటి దవాఖాన’ అంటారు. క్వారంటైన్ అనే మాట జనం నోట్లో పడి కోరంటి అయింది. చిన్నప్పుడు నేను అక్కడ కోరంటి చెట్లుండేవేమో అనుకునేదాన్ని.

1908 మూసీ వరద తర్వాత, 1910ల్లో, అక్కడ నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు పేటలు కూల్చి, మోరీలు వేసి, గాలి ఆడే ఇళ్ళు కట్టి తక్కువ కిరాయికి ఇచ్చింది. కూల్చిన చోట ఉన్నవాళ్ళందరికీ కొత్త ఇళ్ళు దక్కాయని కాదు. ఏ నగరంలోనూ అలా జరగలేదు. కానీ ఎలుకనూ, గోడనూ, కిరాయినీ ఒకే కాగితం మీద పెట్టి ఆలోచించిన పాలన ఒకప్పుడు మన దగ్గర ఉండేది. అప్పుడు ఎలుక ఇల్లాలి గుణానికి సంబంధించిన విషయం కాదు, పట్టణానికి సంబంధించిన విషయం.

ఇక వరంగల్లు. ఈ ఊరు ధాన్యం మీద, పత్తి మీద, మిర్చి మీద బతికే ఊరు. బీట్‌బజార్ పాత దుకాణాల నుంచి ఏనుమాముల మార్కెట్ యార్డు దాకా బస్తాల ఊరు. బస్తాలున్నచోట ఎలుకలుంటాయి. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చినప్పుడు కార్మికులకు క్వార్టర్లు కూడా కట్టారు. పనిచ్చినవాడు ఇల్లూ ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. 2000 దశకం మొదట్లో మిల్లు మూతపడింది. అంతకుముందు నుంచే ఇక్కడి పద్మశాలీలు సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు మగ్గాల పనికి వెళ్ళారు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త రాగానే కొద్దిరోజుల్లో లక్షలమంది ఆ ఊరు విడిచిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వలస కూలీలు, కిరాయి గదుల్లో ఉన్నవాళ్ళు. సొంతిల్లు ఉన్నవాడికి ఊరు వదలడం ఒక ఆలోచన. కిరాయి గదిలో ఉన్నవాడికి అది ఒక మూట. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో సూరత్ శుభ్రమైన నగరంగా పేరు తెచ్చుకుంది. అక్కడి ఇల్లాళ్ళు కొత్తగా ఊడవడం నేర్చుకున్నందువల్ల కాదు. మున్సిపాలిటీ రోజూ చెత్త ఎత్తినందువల్ల, మురికి కాలవలు బాగుచేసినందువల్ల.

ఇప్పుడు నా ఫ్లాటు సంగతి. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, నాది రెండో అంతస్తు. మొదట వంటింట్లో చప్పుడు, తర్వాత సజ్జ మీద పెట్టిన అట్టపెట్టెలో కొరికిన జిరాక్సు కట్టలు. పాత పత్రికల కాపీలు, రెండు ఊళ్ళ గ్రంథాలయాల్లో కూచుని తీయించుకున్నవి. ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగానే మాట్లాడాడు. “ఇంతకు ముందు ఫ్యామిలీ ఉండె గదమ్మా. నాలుగేండ్లున్నరు. ఎలుకలని ఒక్కనాడు చెప్పలె. మీరు ఒక్కరే ఉంటరు, పొద్దంతా కాలేజీలనే ఉంటరు, ఇల్లు ఎప్పుడూ మూసే ఉంటది. పేపర్లు గిట్ల కుప్పలు పెట్టుకుంటే వస్తయ్ మరి.”

ఆ మూడు నాలుగు వాక్యాల్లో వంద ఏళ్ళ చరిత్ర వినిపించింది నాకు. పెళ్ళి కానిది, వంటింట్లో పొద్దంతా ఉండనిది, కాగితాలు పోగేసేది. ఎలుకల్ని పిలవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ‘ఫ్యామిలీ’ అనే మాట మన దగ్గర ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు ఒక అర్హత. ఎలుకల విషయంలో కూడా అదే అర్హత అని అప్పుడు తెలిసింది. తర్వాత ఆ పాత కుటుంబంలోని ఆవిడను మార్కెట్లో కలిశాను. ఎలుకలు ఆమె కాలంలోనూ ఉన్నాయి. రోజూ రాత్రి వంటింటి తలుపు కింద గోనెసంచి కుక్కేదట. “చెప్తే మనకే నామోషీ గద” అంది. నాలుగేళ్ళూ ఆ గోనెసంచి సంగతి ఓనరుకు తెలియలేదు.

నాకు దారి చూపింది మా వాచ్‌మన్ భార్య. సెల్లారులో మెట్ల కింద ఒక్క గదిలో వాళ్ళ కాపురం. జీతం భర్తకు. మెట్లు ఊడ్చేది, మోటరు వేసేది, చెత్త దించేది ఈమె. “మేడం, ఎలుకలు మీ ఇంట్ల పుట్టలేవు” అంది. “మోరీ చాంబరు మూత పగిలి రెండేండ్లాయె. పందికొక్కులు అండ్లకెళ్ళి వస్తయ్. అవి కిందనే తవ్వుకుంటయ్. మీకాడికొచ్చేవి సన్నయి, పైపు వట్టుకొని ఎక్కుతయ్.” ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పందికొక్కు నేలలో, మురికి కాలవల్లో కలుగులు చేస్తుంది. ఇంటి ఎలుక సన్నగా, తోక పొడవుగా ఉంటుంది, గోడలూ తీగలూ ఎక్కుతుంది. రెంటికీ మార్గాలు వేరు, మందూ వేరుగా ఆలోచించాలి. ‘పందికొక్కు’ అన్న మన మాటనే ఇంగ్లీషువాళ్ళు ‘బాండికూట్’ చేసుకుని జంతుశాస్త్రంలో పెట్టుకున్నారు. ఆ శాస్త్రానికి మాట ఇచ్చిన జ్ఞానం ఇలాంటి ఆడవాళ్ళ దగ్గరే ఉంది. రెండేళ్ళుగా ఆ గదిలో ఆమె పిల్లలు పందికొక్కుల మధ్యే పడుకుంటున్నారు. ఆ మాట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పుకోలేదు.

అయిదు ఫ్లాట్ల ఆడవాళ్ళం కూచుని ఒక పేజీ ఉత్తరం రాశాం. మొదట ఒక్కరూ తమ ఇంట్లో ఉన్నాయని ఒప్పుకోలేదు. ఒకామె చెప్పాక అందరూ చెప్పారు. చాంబరుకు కొత్త మూత, పైపులు దిగే డక్టుకు కింద ఇనుప జాలి, సింకు కింద పైపు చుట్టూ ఉన్న సందుల్లో గాజుపెంకులు కలిపిన సిమెంటు, బాత్రూముల్లో ఊడిపోయిన జాలీలు. అసోసియేషన్ వాళ్ళు నెలన్నర తిప్పి చేయించారు. మా వంటింటి లోపలి పనికి సగం ఓనరు ఇచ్చాడు, సగం నేను పెట్టుకున్నాను. వాచ్‌మన్ గదికి తలుపు కింద రేకు కొట్టించాలన్న మాటను ఉత్తరంలో ఆఖరి అంశంగా రాశాం. అన్నిటికంటే ఆలస్యంగా జరిగింది అదే. ఎలుకలు పూర్తిగా పోయాయని చెప్పను. సజ్జ మీద చప్పుడు ఆగింది.

గోడలూ మోరీలూ బాగుచేయించుకోవడానికి ఒక ఉత్తరం రాయగలిగిన వాళ్ళం మేము. అలా రాయలేని చోట ఏమవుతుందో ఇదే ఊళ్ళో చూశాం. 2022 మార్చి చివర్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల జబ్బువాళ్ళ ఐసీయూలో, స్పృహలో లేని రోగిని ఎలుకలు కొరికాయి. ఆయన్ని హైదరాబాదు నిమ్స్‌కు తరలించారు, ఒకటి రెండు రోజుల్లో చనిపోయాడు. ముందునుంచీ ఉన్న జబ్బే కారణమని డాక్టర్లు చెప్పారు. సూపరింటెండెంటును బదిలీ చేశారు. అంతకుముందు 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కరిచిన పది రోజుల పసివాడు చనిపోయాడు. ఇలాంటివి జరిగినప్పుడు మొదట వినిపించే మాట, రోగి వెంట వచ్చినవాళ్ళు అన్నం మెతుకులు పడేస్తారని. వెంట వచ్చేవాళ్ళు అంటే మన దగ్గర తల్లి, భార్య, అక్క. టిఫిన్ డబ్బా పట్టుకుని వరండాలో పడుకునే ఆడవాళ్ళు. వాళ్ళకు తినడానికి ఒక గది లేదన్నది తర్వాతి మాట, అది చాలాసార్లు రానేరాదు.

కిరాయి ఇంట్లో గోడ మన చేతిలో లేనప్పుడు మన చేతికి దొరికేది మందు. కిరాణా కొట్లో పసుపు భాస్వరం ఉన్న పేస్టు చవకగా అమ్ముతారు. దీని గురించి సూటిగా మాట్లాడాలి. దానికి విరుగుడు లేదు. మింగిన మనిషి మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనిపించి, రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతినడం బయటపడుతుంది. పిల్లలు టూత్‌పేస్టు అనుకుని నోట్లో పెట్టుకున్న ఘటనలున్నాయి. మనసు బాగాలేని ఒక్క ఘడియలో ఆడవాళ్ళ చేతికి దగ్గరగా ఉండేది కూడా ఇదే. ఎలుకల మందుతో పోయిన ఆడపిల్లల వార్తలు మనం జిల్లా పేజీల్లో చదివి తిప్పేస్తాం. ఆ ఘడియ గడిచిపోతే బతికేవాళ్ళు వాళ్ళలో ఎందరో. అందుకే ఇంట్లో అది లేకపోవడమే ఒక రక్షణ. తమిళనాడు ప్రభుత్వం ఈ దశాబ్దం మొదట్లో దాన్ని నిషేధించింది. ఎవరైనా మింగితే, బాగానే ఉన్నానన్నా వినకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కొయ్య బోను చాలు మనకు, సందులు మూసిన ఇంటికి.

ఎలుకల గురించి అసలైన విద్య తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారు. నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పొలాల్లో ఎలుకలు పట్టేది యానాదులు. కలుగు నోటి దగ్గర కుండలో గడ్డి పెట్టి పొగ ఊది, ఎలుకను పట్టి, అది దాచిన వడ్లు తవ్వుకుంటారు. హిరణ్యకుడి ధనం అంటే వాళ్ళకు ఆ వడ్లే. నోటితో పొగ ఊదే పనిలో పెదాలు, చేతులు కాలతాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. తమిళనాడులో ఇదే పని చేసే ఇరులర్ల కోసం చేతితో తిప్పి పొగ పంపే ఇనుప పరికరం తయారైంది. దానికి 2003లో ప్రపంచబ్యాంకు బహుమతి కూడా వచ్చింది. రైతు పంటను కాపాడే ఈ విద్యకు మనం ఇచ్చిన పేరు ‘ఎలుకలు తినేవాళ్ళు’. ఇంట్లో ఎలుక ఉంటే ఇల్లాలిది తప్పు, పొలంలో ఎలుకను పడితే పట్టినవాడిది అంటు. మధ్యలో గోదాము యజమానికి, ఇంటి యజమానికి ఏ పేరూ పెట్టలేదు.

మరి చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయాల్సిన మరమ్మతును చెప్పినా చేయకపోతే కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చు. చిక్కంతా ‘చేయాల్సిన’ అన్న మాటలో ఉంది. ఏది చేయాలో ఒప్పందంలో రాసుకోకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఎవరి మరమ్మతులు ఎవరివో ఒక పట్టికగా ఇచ్చింది. గోడలు, సున్నాలు, పైపులు మార్చడం ఓనరు వంతు. మోరీ శుభ్రం, స్విచ్చులు, వంటింటి సామాను కిరాయిదారు వంతు. నమూనా కనుక దాన్ని తీసుకోవడం, మానడం రాష్ట్రాల ఇష్టం. ఎలుక వచ్చేది సరిగ్గా ఆ రెండు వంతుల మధ్య సందులోంచి.

కనుక కిరాయి ఒప్పందం రాసుకునే అక్కాచెల్లెళ్ళకు నాదొక మాట. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయడానికి గడువెంత, మాంసం వండొచ్చా, మగవాళ్ళు రావొచ్చా అన్నవన్నీ ఓనర్లు తప్పకుండా అడుగుతారు. మనం కూడా ఒక వాక్యం అడిగి రాయించుకుందాం. గోడలు, పైపులు, మోరీల దగ్గర ఎలుకలు వచ్చే సందులు మూయించే బాధ్యత ఇంటి యజమానిదని. ఈసారి పదకొండు నెలల ఒప్పందం తిరగరాసినప్పుడు నేను ఆ వాక్యం పెట్టించాను. ఓనరు రెండుసార్లు చదివి, నవ్వి, సంతకం చేశాడు. పై అంతస్తు ఆవిడ ఆ కాగితం ఫొటో తీసుకుంది.